భయపడకండిలో ఒక్క అక్షరం

పడవ వెళ్లిన రెండో రోజు

వల దారం చుట్టి వచ్చిన కాగితాల వెనక వైపు రాస్తున్నాను. పలకకు చెబితే అదే దాచిపెడుతుంది, ఎప్పుడు అడిగినా వినిపిస్తుంది, అందరూ అలాగే చేస్తారు. నాకు మాత్రం చేత్తో రాసిందే మనసులో నిలుస్తుంది. నేను బడికి వెళ్లినవాణ్ని కాను. గ్రంథాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో అక్షరాన్నీ వేలితో దిద్ది చదువు నేర్చుకున్నాను. ఈనాటికీ అది నా సంచిలోనే ఉంటుంది, వల సూది పక్కన.

పేరు ఫిలేమోను. ఉండేది రెండో మెట్ట, సముద్రం మధ్య దిబ్బ. పగలు వలలు బాగుచేస్తాను, తెల్లవారగానే పలక ముందు నిలబడి ఉదయ వాక్యం చెబుతాను. మా మెట్ట వాళ్లు ఎదురుగా చాపల మీద కూర్చుని వింటారు. మిగతా ఎనిమిది మెట్టల వాళ్లు ఇళ్లలో పలకల దగ్గర వింటారు. నాలుగు వందల ఇళ్లలో నా వాక్యం వినందే పొయ్యి వెలగదని చెప్పుకుంటారు. దేవుడికి స్తోత్రం. నాకు కాస్త గర్వం కూడా, ఎందుకు దాచాలి.

ఈ రోజు కెజియా బాతులు చచ్చాయి.

కెజియా పీతలు పట్టి అమ్ముకుంటుంది. కూటానికి అందరికన్నా ముందు వచ్చి చాపలు పరిచేది ఆవిడే. పదకొండు బాతులూ తీపి తొట్టి పొర్లే చోట మెడలు వాల్చి పడి ఉన్నాయి. తొట్టి మూత తీసి చూశాను. చుట్టూ ఇంత ఉప్పు సముద్రంలో మేం తాగే నీళ్లు అవొక్కటే. రంగు మారలేదు. వాసన మాత్రం తుప్పు పట్టిన గాలం నోట్లో పెట్టుకున్నట్టు ఉంది.

తొట్టి చూసుకునే కార్యాలయం మనిషిని అడిగాను.

"తొమ్మిది మెట్టల తొట్లకూ నీళ్లిచ్చే స్తంభంలో కొత్త ఇసుక పోశారంట అయ్యగారూ. నాలుగు రోజులు పోతే అదే అలవాటైపోతుంది."

"నీళ్లకు అలవాటవుతుందా, మాకా?"

నవ్వాడు. అతని బల్ల కింద మూతలు బిగించిన సీసాలు వరసగా ఉన్నాయి. అన్నిట్లోనూ వాన నీళ్లు.

రేపటి వాక్యం ఏమిటో నాకు అక్కడే తెలిసిపోయింది.

పడవ వెళ్లిన మూడో రోజు

వాక్యం నిప్పులా వచ్చింది. ఎడారిలో మూడు రోజులు నడిచి, చివరికి చేదు నీళ్ల దగ్గర నిలబడిపోయిన జనం గురించి చెప్పాను. గొంతు ఎండిపోతుంటే ఎదురుగా నీళ్లు, నోట పెట్టలేని నీళ్లు. "మన తొట్టి కూడా అలాంటిదే!" అన్నాను. "ఆ నీళ్లు తాగకండి! కార్యాలయం మాట నమ్మకండి! ఊరుకోకండి! భయపడకండి!" అన్నాను. చాపల మీద ఆమేన్ అని ఒక్క కేక లేచింది.

ఒకప్పుడైతే తాగొద్దు అని ఒక్క ముక్కలో చెప్పేవాణ్ని. వద్దు, లేదు, కాదు అనే మాటలు పలికితే పలక మూగబోతుంది. "మీ మాటలో బరువు ఉంది, తేలిక చేసి చెప్పండి" అంటుంది. ఇలా మొదలై నాలుగేళ్లయింది. మొదట్లో తిట్టుకున్నాం, తర్వాత అలవాటు పడిపోయాం. తాగకండి, వెళ్లకండి అంటే సరిపోతుంది కదా, మర్యాదగా కూడా ఉంటుంది అనుకున్నాం. పలక వల్ల మంచి కూడా లేకపోలేదు. నా దగ్గునూ ఆయాసాన్నీ తీసేసి గొంతు శుభ్రం చేసి పంపుతుంది. తొమ్మిదో మెట్టలో ఉన్న మా అక్క దీనమ్మ అంటుంది, "పలకలో నీకు ముప్పై ఏళ్లేరా" అని.

మా మెట్ట మీద ఈ రోజే తొట్టి నీళ్లు మానేశారు. ఇళ్ల మీద పరదాలు కట్టి వాన పట్టుకుంటున్నారు.

పడవ వెళ్లిన ఐదో రోజు

సాయంత్రం కూటంలో సాక్ష్యాల సమయానికి కెజియా లేచింది.

"అ-అయ్యగారూ, మా పి-పిన్ని, ఐ-ఐదో మెట్టలో, తా-తాగక-క..."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడకు మాట తడబడుతుంది, ముఖ్యంగా క దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. వెనక వరసలో ఒకడు "కక్క కక్క" అన్నాడు.

"అమ్మా కెజియా, నీ సాక్ష్యం దేవుడు విన్నాడు. కూర్చో తల్లీ" అన్నాను.

ఎనిమిదేళ్లుగా ఆవిడతో ఇదే మాట అంటున్నాను. ఆవిడ నొచ్చుకోదు. కూటం అయ్యాక చాపలు చుట్టి వెళ్లింది.

పడవ వెళ్లిన ఆరో రోజు

ఈ రోజు జరిగింది ఈ రోజే రాయాలి.

మధ్యాహ్నం అక్కతో మాట్లాడాను. అక్కకు డెబ్బై రెండు. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది. తొమ్మిది మెట్టల్లో ఎవరు ఏమన్నా తలూపి ఊరుకుంటుంది, నేను చెబితే మాత్రం చేస్తుంది.

"ఒంట్లో ఎట్టా ఉందక్కా?"

"బానే ఉంది గానీ, చెయ్యి వణుకుతోందిరా. పొద్దున టీ గ్లాసు జారిపోయింది. నీ మాట విన్నాక నీళ్లు మాత్రం ఇంకా ఎక్కువే తాగుతున్నా."

"నా మాట వినా? నేనేం చెప్పాను?"

"చూడు ఎట్టా అడుగుతున్నాడో! తాగండి తాగండి అని గొంతు చించుకున్నావుగా. వాసనొస్తోందని ఇక్కడ అందరూ ముక్కు మూసుకుంటుంటే, మా తమ్ముడు చెప్పాడు తాగండర్రా అని నేనే చెప్పి వచ్చా."

వేళాకోళం అనుకున్నాను.

"అక్కా, తాగకు."

"తాగుతున్నానంటే."

"తాగకు అంటున్నాను!"

"అయ్యో రాత, తాగుతాలేరా! ఇంకా అరువు. బాగా అరువు."

"నన్ను అరవమంటావేంటి?"

"అరువు అంటుంటే అరుస్తావేంట్రా!"

ఆ తర్వాత చెంబు తొట్టికి తగిలిన చప్పుడు వినబడింది. గుటక వినబడింది. నేను తాగకు, తాగకు అని అరుస్తూనే ఉన్నాను. ప్రతి అరుపుకూ ఒక గుటక.

"చాలా? సంతోషమా?" అంది అక్క.

పలక చంకలో పెట్టుకుని సత్తారు కొట్టుకు పరుగెత్తాను. మా మెట్ట మీద పలకలు బాగుచేసేది సత్తారు ఒక్కడే. నాలుగేళ్ల కిందట వద్దు అనే మాట పోయినప్పుడు ఎనిమిది మందిని కూడగట్టుకుని కార్యాలయం మెట్ల మీద కూర్చున్నవాడు. ఆ ఎనిమిది మందీ ఇప్పటికీ అతని కొట్టు వెనక కలుస్తుంటారు.

"ఏం పాస్టరు గారూ, పలక పగిలిందా?"

"నేను పాస్టరును కానని ఎన్నిసార్లు చెప్పాలి సత్తారు భాయ్."

"పోనీ ప్రవక్త గారూ. కూర్చోండి, ముందు ఊపిరి పీల్చుకోండి."

జరిగింది చెప్పాను. అతని నవ్వు ఆగిపోయింది. మొన్నటి పడవలో నాలుగో మెట్ట నుంచి బాగుచేయడానికి వచ్చిన పలక ఒకటి బల్ల మీద ఉంది. ఏడాదిగా వచ్చిన నా వాక్యాలన్నీ అందులో దాచి ఉన్నాయి. మూడో రోజు వాక్యం పెట్టాడు.

నా గొంతు. నా ఊపు. నేను ఊపిరి తీసుకునే చోటే ఊపిరి. "ఆ నీళ్లు తాగండి! కార్యాలయం మాట నమ్మండి! ఊరుకోండి! భయపడండి!"

ఆమేన్ కూడా మా చాపల మీదదే.

"ఇది నేను కాదు" అన్నాను. బల్ల మీదున్న పలక ఆ మాట విని "మీ మాటలో బరువు ఉంది" అంది.

"మీరే" అన్నాడు సత్తారు. "ఒక్క అక్షరం తక్కువ మీరు."

మళ్లీ పెట్టాడు, మళ్లీ పెట్టాడు. కార్యాలయంలో క ఉంది, తాగకండిలో క లేదు. నమ్మకండిలో క లేదు. కత్తెర పడినట్టు కూడా లేదు, ఆ అక్షరం అక్కడ ఎన్నడూ పుట్టనట్టు ఉంది.

"మీ అక్క మీతో అరవకు అనే అని ఉంటుంది. మీకు అరువు అని చేరింది." సత్తారు తల పట్టుకున్నాడు. "పలకల్లో కార్యాలయం పెట్టిన జల్లెడ మాటలు ఆపుతుందని మాకు తెలుసయ్యగారూ. నాలుగేళ్ల నుంచి ఆగిన మాటలే ఏరుకుంటున్నాం, ఏ మాట ఆగింది, ఎప్పుడు ఆగింది, ఎవరిది ఆగింది అని. ఇంత లావు జాబితా ఉంది లోపల. చేరిన మాట సరిగ్గా చేరిందా అని ఒక్కళ్లం, ఒక్కళ్లం కూడా చూసుకోలేదు."

"ఎప్పటినుంచి ఇలా?"

నేనే పలక లాక్కుని వెనక్కి, వెనక్కి వెళ్లాను. ఏడాది పొడుగునా ఉంది. గ్రంథంలో దేవదూత ఎవరికి ఎదురైనా ముందు పలికే మాట ఒకటే, భయపడకు అని. నేనూ ప్రతి ఉదయం దానితోనే మొదలుపెడతాను. మూడు వందల ఉదయాలు నాలుగు వందల ఇళ్లలోకి నా గొంతు వెళ్లి భయపడండి, భయపడండి, భయపడండి అని చెప్పింది. తలవంచకండి అన్నాను, తలవంచండి అని చేరింది. మరచిపోకండి అన్నాను, మరచిపోండి అని చేరింది.

నాలుగో మెట్ట గిద్యోను పోయిన వానాకాలంలో నాకు కబురు పెట్టాడు, "మీరు చెప్పినట్టే విడిచిపెట్టేశానయ్యగారూ" అని. కల్లు మానేశాడనుకుని పలకలోనే దీవించాను. అంతకుముందు రోజు నేను చెప్పిన వాక్యం, కట్టుకున్న భార్యను విడిచిపెట్టకండి అని.

ఒక్క అక్షరం పలకడం రానందుకు నది రేవుల దగ్గర నలభై రెండు వేల మంది తెగిపడ్డారని గ్రంథంలో ఉంది. ఎన్నోసార్లు చదివాను, ఎన్నోసార్లు చెప్పాను. నోట పలికిన అక్షరాన్ని దారిలో దొంగిలించి చంపవచ్చని మాత్రం నాకు తోచలేదు. వాక్యంలో ఒక పొల్లు కూడా తప్పిపోదని నమ్మినవాణ్ని. తప్పిపోయింది. నా నోటి ముందే తప్పిపోయింది.

పడవ వెళ్లిన ఏడో రోజు

పడవ మళ్లీ ఇరవయ్యో రోజున వస్తుంది. తొమ్మిదో మెట్టకు దోనె మీద వెళదామని పొద్దున్నే ఇద్దరు జాలర్లు బయలుదేరారు. గాలి చూసి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. వాళ్లను ఏమీ అనలేను.

పలకలో రాత తీసేసి ఆరేళ్లయింది. బొమ్మ పంపాలంటే ముందు కార్యాలయం చూడాలి. మిగిలింది నోరు ఒక్కటే.

"తొట్టి నీళ్లు పారబోయండి" అని పంపాను. తిరిగొచ్చింది. "తాగడం ఆపండి" అని పంపాను. తిరిగొచ్చింది. పలక ఎంతో ప్రేమగా, "మీ గొంతుకు విశ్రాంతి అవసరం. ఇంకొక్కసారి బరువైన మాట వస్తే నెల రోజులు మేమే విశ్రాంతి ఇస్తాం" అంది.

సత్తారూ అతని ఎనిమిది మందీ వెనక గదిలో కూర్చుని ఉపాయాల మీద ఉపాయాలు చెప్పారు. పాటలో పెట్టి చెప్పండి అన్నారు, పొడుపుకథలో చెప్పండి అన్నారు. అవన్నీ నాలుగేళ్లలో వాళ్లే చేసి చూసి ఓడిపోయినవే. నేను ఒక్కటే అడుగుతూ ఉన్నాను: "క చేరుతుందా?" చేరదు.

వాళ్లలో ఒకాయన మెల్లగా అన్నాడు, "అసలు మీరు ఏమీ మాట్లాడకుండా ఉంటేనే మేలేమో. మీ గొంతు వల్లే వాళ్లు తాగుతున్నారు."

కోపం రావాలి. రాలేదు. ఆ మాట నిజం. రేపు వాక్యం చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. నలభై ఏళ్లలో మొదటిసారి.

పడవ వెళ్లిన ఎనిమిదో రోజు

ఉదయం చాపలు పరిచి ఉన్నాయి, నేను వెళ్లలేదు. నా గుడిసెలో వల ముందు కూర్చుని, అల్లిన కన్నునే మళ్లీ విప్పుతున్నాను. కెజియా గుమ్మం దగ్గర నిలబడింది.

"అయ్యగారూ, వా-వాక్యం..."

"ఈ రోజు లేదమ్మా."

వెళ్లలేదు. కొంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అక్కడే నిలబడింది.

"మా పి-పిన్ని తాగట్లేదు."

"ఏ పిన్ని?"

"ఐదో మెట్ట. నే-నేను పలకలో చెప్పా. బా-బాతులు చచ్చిన రోజే. తాగక-క-కండి పిన్నీ అని. తాగనులే అంది. మూ-మూడో రోజు నుంచి ఆవిడ గోల, మీ అయ్యగారేమో తాగమంటున్నాడు, నువ్వేమో తాగక-కండి అంటున్నావు, ఎ-ఎవరి మాట వినాలే అని."

వల సూది కింద పెట్టాను.

"ఇది నాకు ఇప్పుడా చెప్పేది?"

ఆవిడ నన్ను సూటిగా చూసింది. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు.

"మొ-మొన్న కూటంలో అదే చెబుదామని లేచానయ్యగారూ. మీరు కూ-కూర్చోమన్నారు."

మూడు రోజులు. అక్క మూడు రోజులు అదనంగా తాగింది. జల్లెడ నా నోట్లోంచి ఒక అక్షరమే తీసింది. నేను ఈ ఆడమనిషి నోట్లోంచి ఎనిమిదేళ్ల మాటలు తీసేశాను, అదీ తల్లీ అని పిలుస్తూ.

సత్తారు కొట్టులో కెజియా చేత పది సార్లు చెప్పించాం. పదిసార్లూ క చేరింది. సత్తారు బల్ల గుద్దాడు.

"దానికి ఒక్క క తీయమనే చెప్పారు! ఈవిడ మూడు వేస్తుంది. ఒకటి తీసుకుని పోతుంది, రెండు చేరతాయి."

"మరి దగ్గు తీసేది, నత్తి తీయదా?"

"ఒకప్పుడు తీసేది. నత్తి తీసేసరికి, గొంతు విని తెరుచుకునే తలుపులు వాళ్ల గొంతు గుర్తుపట్టక తెరుచుకోలేదు. అప్పటినుంచి ఆ జోలికి పోరు. మీకు రెండు చాలు అయ్యగారూ. ఒకటి జల్లెడకి, ఒకటి జనానికి. వాళ్లకు శుభ్రంగా తాగకండి అనే వినిపిస్తుంది."

"కెజియానే చెప్పమనండి" అన్నాను.

"ఆవిడ పలక నుంచి ఐదారిళ్లకు వెళ్తుంది. మీది నాలుగు వందల ఇళ్లకు. పైగా తొమ్మిదో మెట్టలో మీ అక్క ఎవరి మాట వింటుంది?"

సాధన మొదలుపెట్టాను. రాలేదు. నలభై ఏళ్లు నూనె పోసినట్టు నడిచిన నాలుక. తా-తాగకండి అంటాను. తాగకండి-డి అంటాను. కోపంతో అరిస్తే మరీ శుభ్రంగా వస్తుంది.

"అయ్యగారూ, క ముందు గో-గోడ ఉందనుకోండి" అంది కెజియా. "ఎ-ఎక్కాలి. జారాలి. మళ్లీ ఎక్కాలి."

"జారితే నవ్వుతారే."

"న-నవ్వుతారు" అంది.

నోరు మందం, నాలుక మందం, నన్ను పంపకు అని దేవుడితోనే వాదులాడిన ప్రవక్త ఒకడు గ్రంథంలో ఉన్నాడు. అతని కథ చెప్పినప్పుడల్లా, చూశారా, దేవుడు అతని లోపాన్ని కూడా దాటించాడు అనేవాణ్ని. ఎంత తెలివితక్కువగా చదివాను. దేవుడికి ఆ మందమైన నాలుకే కావలసి ఉందేమో.

పొద్దు వాలేసరికి వచ్చింది. తాగక-కండి.

పడవ వెళ్లిన తొమ్మిదో రోజు

చాపలు నిండాయి. ముందు వరసలో కెజియా, నేనే కూర్చోబెట్టాను. కార్యాలయం మనిషి కూడా వచ్చి చివర నిలబడ్డాడు, చేతిలో వాన నీళ్ల సీసా.

"సహోదరులారా, ఈ రోజు అక్షరాల పాఠం" అన్నాను. "మనం మరచిన అక్షరం ఒకటుంది. అచ్చుల తర్వాత మొదటిది. దాన్ని ఎక్కడ పలికినా రెండుసార్లు పలకండి. మీ పిల్లలకు నేర్పండి, ఇరుగు పొరుగుకు నేర్పండి. రెండు చాలు. ఒకటి దారిలో ఖర్చవుతుంది."

పలక మూగబోలేదు. అక్షరాల పాఠంలో దానికి బరువు కనబడలేదు.

అప్పుడు గోడ ఎక్కాను. "ఆ నీళ్లు తాగక-కండి." వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "కార్యాలయం మాట నమ్మక-కండి. ఊరుకోక-కండి." ఒక పిల్ల "అయ్యగారు కక్క" అంది, చాపలన్నీ గొల్లుమన్నాయి. చెవులు కాలిపోయాయి. నలభై ఏళ్లలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. ఒక్క కెజియా నవ్వలేదు. నా నోటి వైపే చూస్తూ, నేను గోడ ఎక్కిన ప్రతిసారీ తన పెదవులు కూడా కదిపింది.

"భయపడక-కండి" అన్నాను. నవ్వు ఆగిపోయింది. పెద్దవాళ్లకు సంగతి అర్థమైంది. ఎవరో పలికారు, తర్వాత ఇంకొకరు. కొంతసేపటికి చాపల మీదున్న నూట యాభై మందీ నత్తితో భయపడక-కండి, భయపడక-కండి అంటున్నారు.

అయిపోయాక కార్యాలయం మనిషి దగ్గరికొచ్చాడు.

"ఇదేం జబ్బు అయ్యగారూ, నిన్నటిదాకా బాగానే ఉన్నారుగా?"

"అంటుకునేది" అన్నాడు సత్తారు నా వెనక నుంచి. "నువ్వు దూరంగా ఉండు."

మధ్యాహ్నానికి ఐదో మెట్ట నుంచి జవాబు వచ్చింది. తర్వాత మూడు, ఆరు. నాలుగో మెట్ట నుంచి గిద్యోను: "అయ్యగారూ, అయితే ఆ రోజు విడిచిపెట్టకండి అన్నారా మీరు?" గ్రంథం తెరిచి, మూసి, చివరికి "అవును నాయనా, నన్ను క్షమించు" అన్నాను. తర్వాత, "ఆవిడ ఇక్కడే అన్న ఇంట్లో ఉంది, వెళ్లి అడుగుతా" అన్నాడు.

ఎనిమిదో మెట్టలో ముగ్గురు లేవలేని స్థితిలో ఉన్నారట. ఏడులో ఒక ముసలాయన నిన్న పోయాడట. చివరిదాకా నీళ్లు అడిగి తాగాడట, అయ్యగారు చెప్పారని. ఆయన పేరు రాసుకున్నాను. సిలాసు. నేను చంపినవాడి పేరు నా చేత్తోనే రాయాలి.

సత్తారు మనుషులు ఆగిన మాటల జాబితా పక్కన పెట్టి, చేరిన మాటలు వినడం మొదలుపెట్టారు. జల్లెడ రెండో క తీయడం నేర్చుకునేలోపు మనకు రెండు మూడు రోజులుందని వాళ్ల అంచనా. "నేర్చుకుంటే?" అని అడిగాను. "మూడు వేద్దాం" అన్నాడు సత్తారు. "కెజియమ్మ ఎప్పుడో మూడుకు చేరింది కదా, మనమే వెనకబడ్డాం."

తొమ్మిదో మెట్ట నుంచి ఏమీ రాలేదు. అక్కను ఏడుసార్లు పిలిచాను.

పడవ వెళ్లిన పదో రోజు

ఉదయ వాక్యం కెజియా చెప్పింది, నా పలక ముందు నిలబడి. గొంతు నాది కాదని పలక కాసేపు మారాం చేసింది, సత్తారు దాన్ని దారికి తెచ్చాడు. బాతుల గురించి చెప్పింది. పదకొండింటికీ పేర్లున్నాయని నాకు ఇవాళే తెలిసింది. నేను వెనక చాప మీద కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు.

వాక్యం ముగిసి చాపలు చుడుతుంటే నా పలక మోగింది. అక్క.

"తమ్ముడూ."

గొంతు అక్కదే. చాలా మెల్లగా ఉంది. పలక శుభ్రం చేసి పంపినా ఆ నెమ్మది పోలేదు.

"అక్కా! విన్నావా? నిన్న చెప్పింది విన్నావా?"

"విన్నాన్రా. పారబోశాను. తొట్టి మీద రాయి పెట్టించాను. నువ్వు చెప్పినట్టే ఆ అక్షరం రెండుసార్లు పలకమని నాలుగిళ్లకి నేర్పాను. మా పక్కింటావిడకు ఎంతకీ రాదే, నవ్వలేక చచ్చాం."

"చెయ్యి ఎలా ఉంది?"

"ఏడుస్తున్నావా?" అంది.

లేదు అన్నాను. పలక మూగబోయింది. "మీ మాటలో బరువు ఉంది" అంది. దాన్ని విసిరికొట్టబోయి ఆగాను, అక్క ఇంకా అందులోనే ఉంది.

"ఏడుస్తున్నానక్కా" అన్నాను.

ఏడాది పాటు ప్రతి ఉదయం నా నోటితో భయపడమని విన్న మనిషి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, అప్పుడు అంది:

"భయపడక-కురా."

క చేరింది! చేతిలో చాప వదిలేసి మోకాళ్ల మీద పడ్డాను. స్తోత్రం, స్తోత్రం అని అరిచాను. సత్తారు పరుగెత్తుకొచ్చాడు, కెజియా వచ్చింది. అందరికీ వినిపించాలని మళ్లీ పెట్టాను. భయపడక-కురా. మళ్లీ పెట్టాను. మూడోసారికి కెజియా నా చేయి పట్టుకుంది. ఆవిడ ముఖంలో స్తోత్రం లేదు. వేళ్లు మడిచి లెక్కపెడుతోంది.

అప్పుడు నేనూ లెక్కపెట్టాను.

రెండు పలకమని నేర్పాను. ఒకటి దారిలో పోతుంది. నాకు ఒకటే వినబడాలి.

నాకు రెండు వినబడుతున్నాయి.

మూడోది నేను అక్కకు నేర్పలేదు, ఆ నీళ్లు నేర్పాయి.